ఆరంగుళాల ఫోన్‌లో ఉత్పలమాల

మేముండేది బెంగళూరు హూడిలో. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం పొద్దున పదకొండు మంది పిల్లలకు తెలుగు క్లాసు జరుగుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆటల్లో ఇంగ్లీషు. కన్నడం రాయడం వచ్చు కాబట్టి తెలుగు అక్షరాలు సగం వాళ్లే గుర్తుపట్టేస్తారు, తలకట్టు దగ్గరే కాస్త తడబడతారు. వాళ్లు అమ్మల ఫోన్లలో చూసి చదువుకుంటారని శతక పద్యాలను ఒక చిన్న వెబ్‌సైట్‌లో పెడుతున్నాను. నా ఉద్యోగం అకౌంట్స్. పేజీలో ఏది ఏమిటో ట్యాగులనే గుర్తులతో చెప్పే హెచ్‌టీఎంఎల్, అది ఎలా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్, రెండూ వీడియోలు చూసి నేర్చుకున్నవే. డొమైన్‌కు ఏడాదికి తొమ్మిది వందల లోపు, హోస్టింగ్ ఉచితం. రాత్రి గిన్నెలు సర్దాక దొరికే గంటే నా టైం. 108 పద్యాలు అనుకున్నాను, 37 అయ్యాయి. ఎందుకింత ఆలస్యమైందో రాసిపెడుతున్నాను. ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లకు పనికొస్తుంది.

మొదటి వారం

లాప్‌టాప్‌లో పేజీ ముచ్చటగా వచ్చింది. ఫోన్‌లో తెరిస్తే చీమల బారు.

తప్పు ఒక్క లైనులో ఉంది. పేజీ తలభాగంలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ పెట్టలేదు. 'వెడల్పు = డివైస్ వెడల్పు, మొదటి స్కేల్ = 1' అని చెప్పే ఆ లైను పెట్టగానే అక్షరాలు మామూలు సైజుకు వచ్చాయి.

ఆ లైను ఎందుకు రాయాల్సి వచ్చిందో తెలుసుకున్నాక నవ్వొచ్చింది. 2007లో ఐఫోన్ వచ్చేనాటికి చాలా సైట్లు కంప్యూటర్ తెర వెడల్పు చూసుకుని, పిక్సెళ్లు లెక్కగట్టి, మేకులు దిగ్గొట్టి కట్టినవే. వాటిని చిన్న తెరలో ఇరికిస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకని ఫోన్ బ్రౌజర్ ఒక అబద్ధం ఆడింది. నా వెడల్పు 980 పిక్సెళ్లు అని పేజీకి చెప్పి, వచ్చినదాన్ని కుదించి చూపించింది. వేళ్లతో సాగదీసుకునే పని చదివేవాళ్లకు వదిలేసింది. తర్వాత వచ్చిన ఫోన్ బ్రౌజర్లు కూడా దాదాపు అదే దారి పట్టాయి. తమాషా ఏమిటంటే ఏ అలంకారమూ లేని ఉత్త పేజీ, 1991 నాటి మొట్టమొదటి వెబ్ పేజీ లాంటిది, ఎంత వెడల్పు ఇస్తే అంతలో తనంతట తానే సర్దుకుంటుంది. మేకులు కొట్టిన సైట్లను కాపాడబోయిన అబద్ధాన్ని బ్రౌజర్ దీనికీ చెబుతోంది. 'నాకు నిజం చెప్పు' అని అడగడానికి నాలాంటివాళ్లు ఆ లైను రాసుకోవాలి.

ఇదంతా భోజనాల దగ్గర చెబితే మా ఆయన ఒప్పుకోలేదు. ఆయన పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. "సైట్లు కోట్లున్నాయి, బ్రౌజర్లు పదో పదిహేనో. పదిహేను చోట్ల బాగుచేస్తే అయిపోయేదానికి కోట్లమంది ఎందుకు తంటాలు పడాలి? బ్రౌజర్‌నే చూసుకోనీ, నువ్వు పద్యాలు టైపు చెయ్యి" అన్నారు.

కొట్టిపారేసే మాట కాదు. కాలేజీ రోజుల్లో కావలిలో నా బటన్ల ఫోన్‌లో ఒపేరా మినీ ఉండేది. తెలుగు పేజీ తెరిస్తే అన్నీ డబ్బాలే. సీనియర్ ఒకామె సెట్టింగుల్లో లోపలెక్కడో ఉన్న పేజీకి తీసుకెళ్లి, క్లిష్టమైన లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమనే చోట 'ఎస్' పెట్టింది. అంతే, తెలుగు వచ్చేసింది. ఆ బ్రౌజర్ పేజీని తన సర్వర్ దగ్గరే తెరిచి, కుదించి, చిన్న తెరకు సర్ది పంపేది. ఈ సెట్టింగుతో అక్షరాలను బొమ్మలుగా చేసి పంపింది. ఫోన్‌లో తెలుగు ఫాంటే లేదు. సైటువాళ్లు చెయ్యి కదపలేదు. పని మొత్తం బ్రౌజరే చేసింది. అది గుర్తొచ్చి ఆ రాత్రి మా ఆయనతో ఇంకేం వాదించలేదు.

రెండో వారం, మూడో వారం

ఆటవెలది, తేటగీతి బాగానే పట్టాయి. చిక్కు ఉత్పలమాలతో మొదలైంది.

నా ఫోన్ తెర భౌతికంగా 1080 పిక్సెళ్లు, కానీ సీఎస్ఎస్ లెక్కలో 360. అటూ ఇటూ 16 చొప్పున వదిలితే మిగిలేది 328. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. 18 పిక్సెళ్ల సైజులో కొలిస్తే ఒక్కో పాదం 360 నుంచి 390 దాకా వస్తోంది. పట్టదు. బ్రౌజర్ పట్టినంత పైన ఉంచి, మిగిలిన ఒక్క మాటను కింద లైనులోకి తోసేస్తోంది. నాలుగు పాదాల పద్యం ఎనిమిది లైన్లయింది, అందులో నాలుగు లైన్లలో ఒక్కో మాట ఒంటరిగా వేలాడుతోంది. పిల్లలు ఎక్కడ పాదం అయిందో తెలియక ప్రతి లైను చివరా ఆగుతున్నారు.

అక్షరం 15కి తగ్గిస్తే పట్టింది. ఆ పేజీ నాన్నకు పంపాను. కావలిలో తెలుగు పండితులుగా రిటైరయ్యారు, ఫోన్‌లో అక్షరం సైజు అన్నిటికంటే పెద్దది పెట్టుకుంటారు. ఆయన ఫోన్‌లో మళ్లీ మొదటికొచ్చింది. అంటే నేను ఏ కొలత బిగించినా ఎవరో ఒకరి ఫోన్‌లో అది తప్పుతుంది. 15 తీసేశాను.

పాదం విరగక తప్పదన్నమాట. ఎక్కడ విరగాలి? అకౌంట్స్ బుర్ర కదా, యతి దగ్గర అనుకున్నాను. ఉత్పలమాలకు యతి పదో అక్షరం, చంపకమాలకు పదకొండు, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. లెక్క ముందే ఉంది, పేజీలో చిన్న ప్రోగ్రాములు రాసే జావాస్క్రిప్ట్‌తో విరిచేయొచ్చు. రెండు రాత్రులు దాని మీదే పోయాయి. మనం ఒకటి అనుకునే అక్షరం కంప్యూటర్‌కు ఒకటి కాదు. 'స్త్రీ' అన్నది పద్యంలో ఒక్క అక్షరం, కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది. పొల్లు తర్వాత వచ్చే హల్లును ముందుదానికి అతికించి లెక్కపెట్టేలా రాశాక గాని లెక్క కుదరలేదు.

గర్వంగా నాన్నకు వీడియో కాల్ చేశాను. కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఏమ్మా, ఎవరు చెప్పారు నీకు యతి దగ్గర విరవమని?" అన్నారు. "సంస్కృతంలో యతి అంటే విరామం. అక్కడ మాట ఆగాలి. మనకు యతి అంటే మైత్రి. పాదం మొదటి అక్షరానికీ ఆ అక్షరానికీ చుట్టరికం కలవాలి, అంతే. మాట మధ్యలో పడినా తప్పులేదు. నువ్వు చూడు, మూడో పాదంలో సమాసం నడుం విరగ్గొట్టావు."

మరి ఎక్కడ విరవాలి నాన్నా అంటే, "నేను చదువుతాను, విను" అన్నారు. చదివారు. ఊపిరి తీసుకున్న చోట, అర్థం ఒక కొలిక్కి వచ్చిన చోట, గొంతు ఇసుమంత ఆగుతోంది. ఒక పాదంలో ఏడో అక్షరం తర్వాత, ఇంకో పాదంలో పన్నెండో అక్షరం తర్వాత. ఏ లెక్కకూ అందదు. పెన్సిల్ తీసి గీతలు పెట్టుకోవడం మొదలుపెట్టాను. పని నెమ్మదించింది ఇక్కడే. ఒక్కో పద్యానికి నాన్న ఒక వాయిస్ మెసేజ్ పంపుతారు, నేను విని గీతలు పెడతాను.

నాలుగో వారం

గీతలను పేజీలోకి ఎక్కించడంలో మూడుసార్లు దెబ్బతిన్నాను.

మొదట, గీత ఉన్న ప్రతిచోటా కంటికి కనిపించని సున్నా వెడల్పు ఖాళీని పెట్టాను. విరుపులు బాగానే పడ్డాయి. కానీ సైట్‌లో నేను పెట్టిన వెతుకు పెట్టెలో సమాసం టైపు చేస్తే దొరకడం లేదు. కంటికి కనపడకపోయినా మాట మధ్యలో అదొక అక్షరమే కదా. అన్నీ ఏరి పారేశాను.

రెండోసారి, పద్యం మొత్తం ఒకే పేరాలో పెట్టి, పాదానికో స్పాన్ ట్యాగ్ (ఇదొక ముక్క అని మాత్రమే చెప్పే గుర్తు) చుట్టి, ఒక్కోటి ఒక్కో లైనులో కనిపించేలా సీఎస్ఎస్‌లో చెప్పాను. మా ఆయన ఆదివారం దోసెలు తింటూ నా పేజీని ఆయన ఫోన్‌లో రీడర్ మోడ్‌లో తెరిచారు. "చూడు, బ్రౌజరే ఎంత చక్కగా సర్దుతుందో" అని చూపించబోయి ఆగిపోయారు. నాలుగు పాదాలూ కలిసిపోయి వచనం అయిపోయింది! రీడర్ మోడ్ నేను వేసిన అలంకారం తీసేసి, ట్యాగుల్లో ఉన్నదాన్ని తన పద్ధతిలో చూపిస్తుంది. ఇవి నాలుగు పాదాలు అని నేను అలంకారంలో చెప్పాను గాని ట్యాగుల్లో చెప్పలేదు. దానికెలా తెలుస్తుంది?

వాదన నాకు అక్కడే తేలిపోయింది. సైజు, రంగు, వెడల్పు బ్రౌజర్ చూసుకోగలదు, చూసుకోవాలి కూడా. నా 15 పిక్సెళ్ల మొండితనం కంటే నాన్న ఫోన్ సెట్టింగే మేలు. కానీ ఇది పాదం, ఇక్కడ ఊపిరి అన్నది రాసిన మనిషి చెప్పకపోతే ఏ బ్రౌజరూ కనిపెట్టలేదు. మా ఆయన ఇంకో దోసె వేసుకున్నారు, ఓడినట్టు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోగా టెక్స్ట్-వ్రాప్ బ్యాలన్స్ అనే సౌకర్యం చూపించారు. 2023లో క్రోమ్‌లోకి వచ్చింది, ఇప్పుడు సఫారీ, ఫైర్‌ఫాక్స్‌లలో కూడా ఉంది. ఒక్క లైను రాస్తే విరిగిన పాదాన్ని ఇంచుమించు సమానమైన రెండు ముక్కలు చేస్తుంది, ఒంటరి మాట వేలాడదు. నిజంగా బాగుంది. గీతలు ఇంకా పెట్టని 71 పద్యాలు ప్రస్తుతం దాని మీదే నడుస్తాయి.

ఇప్పుడు నిలిచిన పద్ధతి ఇది. ప్రతి పాదం ఒక పేరా. మార్జిన్ (పేరా చుట్టూ వదిలే ఖాళీ) సున్నా, ఎడమ ప్యాడింగ్ (పేరా లోపలి ఖాళీ) 2 ఈఎం, టెక్స్ట్-ఇండెంట్ (మొదటి లైను జరుపు) మైనస్ 2 ఈఎం. ఈఎం అంటే అక్షరం సైజంత కొలత. దీంతో పాదం మొదలు బయటికి ఉంటుంది, విరిగిన ముక్క లోపలికి జరుగుతుంది. పిల్లలకు చూడగానే తెలిసిపోతుంది. పాదం లోపల ఊపిరి ముక్కలకు స్పాన్ చుట్టి ఇన్‌లైన్-బ్లాక్ చేశాను, అంటే లైనులోనే ఉంటూ ఒక్కోటి ఒక్కో డబ్బాలా నిలిచేలా. బ్రౌజర్ ముందు ముక్కల మధ్యే విరుస్తుంది. నాన్న ఫోన్‌లో లాగా ముక్క కూడా పట్టకపోతే అప్పుడు ముక్క లోపల విరుస్తుంది. 'విరవొద్దు' అని గట్టిగా చెప్పే నోవ్రాప్ వాడకండి, పెద్ద అక్షరం పెట్టుకున్నవాళ్లకు పద్యం తెర దాటి పక్కకు పోతుంది.

మూడో దెబ్బ ఇక్కడ తగిలింది. ముక్కలన్నీ ఎడమకు జరిగి ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. గంటన్నర తర్వాత తెలిసింది, టెక్స్ట్-ఇండెంట్ వారసత్వంగా లోపలికి కూడా దిగుతుందట, ప్రతి ముక్కా మైనస్ 2 వెనక్కి పోతోంది. ముక్కకు టెక్స్ట్-ఇండెంట్ సున్నా అని రాస్తే సరిపోయింది.

లైన్-హైట్, అంటే అక్షరం సైజుకు ఎన్ని రెట్ల ఎత్తు ఒక్కో లైనుకు ఇవ్వాలన్నది, 1.8. ఇంగ్లీషు కోసం చేసిన రెడీమేడ్ పేజీ నమూనాల్లో ఉండే 1.2, 1.3తో మన ఒత్తులు కింద లైను గుడుల్లోకి దిగిపోతాయి. ముందు పద్యం, తర్వాత పద్యం బటన్లు 48 పిక్సెళ్లు. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల 2023 వెర్షన్ 24 ఉంటే చాలంటుంది గాని, లిఫ్టులో నిలబడి ఒంటిచేత్తో నొక్కే అమ్మలకు 24 చాలదు.

మొన్న

నాన్న ఫోన్‌లో మళ్లీ చీమలు. కేబుల్ పెట్టి చూడ్డానికి ఆయనేమో కావలిలో. గంటసేపు కోడ్ తిరగేశాను. చివరికి "కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కండి నాన్నా, అక్కడ డెస్క్‌టాప్ సైట్ పక్కన టిక్కు ఉందా?" అంటే, ఉంది. ఎప్పుడో వేలు తగిలింది. ఆ టిక్కు ఉంటే బ్రౌజర్ నా వ్యూపోర్ట్ లైనును పక్కనపెట్టి పాత అబద్ధానికి వెళ్లిపోతుంది. చదివేవాళ్లు కోరి అడిగారనుకుంటుంది కాబట్టి దాని తప్పూ లేదు.

ఫాంట్ సంగతి మెట్రోలో తేలింది. పర్పుల్ లైన్‌లో ఆఫీసుకు వెళ్తూ కబ్బన్ పార్క్ దగ్గర సొరంగంలో పేజీ తెరిస్తే పద్యం చోట కొన్ని క్షణాలు ఖాళీ, ఫాంట్ కోసం బ్రౌజర్ ఆగింది. ఫాంట్-డిస్‌ప్లే స్వాప్ అని రాశాను. ఇప్పుడు ముందు ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌లో కనిపించి తర్వాత మారుతుంది. ఫాంట్‌ను వెబ్ కోసం కుదించే వూఫ్2 రూపంలోకి మార్చి, అందులోని ఇంగ్లీషు అక్షరాలు తీసేశాను. నిజానికి 108 పద్యాలూ కలిపినా 70 కేబీ దాటవు, ఫాంటే దానికంటే బరువు. అసలు ఫాంట్ అవసరమా అని ఇంకా ఆలోచిస్తున్నాను. పిల్లలకు బడి పుస్తకం లాంటి అక్షరం కావాలని టీచర్ గారు అడిగారని ఉంచాను.

వచ్చే వారం సీసం మొదలుపెట్టాలి. సీస పాదం ఎనిమిది గణాల పొడుగు, ఉత్పలమాల కంటే ఎక్కువ. ఎలారా దేవుడా అని నాన్నను అడిగితే నవ్వారు. "దాన్ని పుస్తకాల్లో ఎప్పుడూ రెండు ముక్కలుగానే వేస్తారు కదమ్మా, నాలుగు గణాలకొకటి" అన్నారు. తొలి సీసం వాయిస్ మెసేజ్ ఇందాకే వచ్చింది, రెండు నిమిషాల పది సెకన్లు. మధ్యలో కుక్కర్ కూత కూడా ఉంది.