రాళ్ళు ఏరేసిన మట్టి

ధర్మవరంలో పెళ్ళి బాగా జరిగింది. దాని గురించి రాయడానికి అంతకంటే ఏమీ లేదు. చీరల కొట్లో మా ఆవిడ మూడు గంటలు కూర్చుంది. మగ్గం ఉన్న ఊళ్ళో కొంటే చవక అని ఎవడు చెప్పాడో గానీ, వాడు దొరికితే నాలుగు మాటలు అడగాలి. మర్నాడు మళ్ళీ అదే కొట్టు అనేసరికి నేను బస్టాండుకి నడిచాను.

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 1990 నుంచి పనిచేస్తున్నారని, అక్కడి ఊళ్ళవాళ్ళు కల్పవల్లి పేరుతో వేల ఎకరాల బోడిగుట్టల్ని మళ్ళీ పచ్చగా చేసుకున్నారని ఎప్పటినుంచో వింటున్నాను. నాది భూసార పరీక్షల ఉద్యోగం. రిటైరై రెండేళ్ళయినా చేతి దురద పోలేదు. సంచిలో రెండు ప్లాస్టిక్ కవర్లు, ఇంట్లో పూలకుండీలకి వాడే చిన్న పార ఎప్పుడూ ఉంటాయి. పెళ్ళికి కూడా పట్టుకెళ్తావా అని మా ఆవిడ అంది. పట్టుకెళ్ళాను.

పల్లెవెలుగు బస్సులో నిలబడే ప్రయాణం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి టికెట్టు లేదు కదా, సీటు మీద ఆశ అప్పుడే వదులుకున్నాను. ఒక పెద్దావిడ మాత్రం జాలిపడి తన కోడిపుంజు బుట్ట ఒళ్ళోకి తీసుకుని, "ఆ మూల ఆనుకో నాయనా" అంది. వంగి కిటికీలోంచి చూస్తే వేరుశనగ పీకేసిన చేలు. గట్లన్నీ రాళ్ళ కుప్పలే. ఏటా దున్నినప్పుడల్లా పైకి తేలే రాళ్ళని ఏరి గట్టున పోస్తారు. మళ్ళీ ఏడాది మళ్ళీ అన్నే. మాది రేపల్లె వైపు. మా పొలంలో పిల్లి మీదకి విసరడానికి రాయి కావాలన్నా రైలు కట్ట దాకా పోవాలి. వేసవిలో మా నల్లరేగడి పగుళ్ళలో మోచేయి దాకా దూరుతుంది, వానొస్తే చెప్పు ఊడదీసుకుంటుంది. మట్టి అంటే అదే అనుకుంటూ పెరిగాను.

కండక్టరు నన్ను ఒక స్టాపు ముందే దించేశాడు. అక్కణ్ణుంచి గుట్టల కిందికి ఆటో 300 రూపాయలన్నాడు. "వచ్చేటప్పుడు ఖాళీగా రావాల గదా సార్" అని వాడి లెక్క. నా లెక్క నాకుంది గానీ ఎండ వాడి వైపుంది.

నవంబరు మొదటివారం. వారం కిందట వాన పడిందట. ఈ జిల్లాలకి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మా వైపు దానికి రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. అయినా గుట్ట మీద తంగేడు పసుపు, బందారు పొదలు, మోకాళ్ళ దాకా ఎండి గోధుమరంగుకొచ్చిన గడ్డి. గడ్డి మధ్యలో చూస్తే మట్టి కనపడదు. పిడికెడంత, కొబ్బరికాయంత, గుండ్రాయంత రాళ్ళు. మట్టి లేకుండా ఇంత గడ్డి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా అని నిలబడిపోయాను.

కొంచెం పైకి ఎక్కి, పార తీసి, గీకడం మొదలుపెట్టాను. రెండంగుళాలకొక రాయి ఖణేల్‌మంటుంది. వచ్చిన పిడికెడు మట్టిలోంచి రాళ్ళు ఏరి పక్కన పడేస్తూ కవరు నింపుతున్నాను. నలభై గొర్రెలు, వాటి వెనక ఒక పెద్దాయన వచ్చారు. భుజాన కంబళి, చేతిలో కొంకి కట్టిన కట్టె. చాలాసేపు ఏమీ అనకుండా చూశాడు.

"యాడ్నుంచి వస్తివి సామీ?"

చెప్పాను. మట్టి పరీక్ష అని కూడా చెప్పాను, కాస్త గొప్పగానే.

"మన్ను కావాలంటివి. రాళ్ళు పారేస్తాండావే. రాయి తీసేస్తే అది ఈ గుట్ట మన్ను యట్లయితాది?"

నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. ముప్పై ఏళ్ళు నేను చేసింది అదే. రైతు తెచ్చిన మట్టిని నీడలో ఆరబెట్టడం, చెక్క సుత్తితో గడ్డలు చిదపడం, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టడం. జల్లెడలో మిగిలింది కిటికీ బయటికి. కింద పడినదాంట్లో సేంద్రియ కర్బనం, అంటే ఆకూ వేరూ కుళ్ళి మట్టిలో కలిసిన కర్బనం, 0.5 శాతానికి లోపుంటే 'తక్కువ' అని రాసి సంతకం పెట్టడం. డెల్టా మట్టికి ఆ జల్లెడలో ఏమీ మిగలదు, గొడవే లేదు. ఇక్కడ సగానికి సగం బయటికి పోతుంది. మిగిలిన సగం నీళ్ళెంత పట్టుకుంటుందో కొలిచి, గుట్ట మొత్తానికి అంతే అని రాస్తే లెక్క రెట్టింపు తప్పు. ఇది పుస్తకంలోనూ ఉంది, నేనూ చదివాను. అయినా పని దగ్గర ఎప్పుడూ గుర్తు రాలేదు.

"రాళ్ళుంటే నీళ్ళు నిలవడానికి చోటు తక్కువ కదా పెద్దాయనా" అన్నాను, నా వైపు వాదన ఒకటి ఉండాలి కాబట్టి.

"నీళ్ళ బాటిలు ఉండాదా?"

20 రూపాయల సీసా. సగమే మిగిలింది. అడిగితే తాగుతాడేమో అనుకుని ఇచ్చాను. ఆయన ముందు కట్టెతో ఒక రాయిని పక్కకి దొర్లించాడు. "ముందు కట్టె, తర్వాత చెయ్యి. తేలుంటాది" అన్నాడు. తేలు లేదు. రాయి కింద మట్టి ముదురు ఎరుపుగా, చల్లగా, తడిగా ఉంది. వారం ఎండలో చుట్టూ ఉన్న మట్టి పొడిబారిపోయినా, రాయి కప్పుకున్న చోట తడి దాక్కునుంది. ఆయన రాయి మళ్ళీ అక్కడే పెట్టి, దాని మీద సన్నగా నీళ్ళు పోశాడు. నీళ్ళు రాయి మీంచి జారి, అంచు కిందికి దూరి, కనపడకుండా పోయాయి.

పది అడుగులు పక్కకి తీసుకెళ్ళాడు. గొర్రెల దారి అది, ఏళ్ళ తరబడి తొక్కిన చోటు. అక్కడా రాళ్ళున్నాయి గానీ నేలలో కూరుకుపోయి, గచ్చులో పొదిగిన చిప్పల్లా ఉన్నాయి. చుట్టూ మట్టి అట్టకట్టింది. మిగిలిన నీళ్ళు అక్కడ పోశాడు. ఒక్క చుక్క కూడా ఇంకలేదు. బురద రంగు తేలి, గీతలా కిందికి పారి, వంక వైపు పోయింది.

"పైన కూచున్న రాయి నీళ్ళు తాపుతాది. కరుచుకున్న రాయి తరుముతాది."

నా నీళ్ళు మొత్తం అయిపోయాయి. అది వేరే సంగతి.

తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. రాయి లేని మట్టి సెంటీమీటరుకి ఒక మిల్లీమీటరు నీళ్ళు పట్టుకుంటుందనుకుంటే, 20 మిల్లీమీటర్ల వాన 20 సెంటీమీటర్లు తడుపుతుంది. సగం రాయే అయితే, ఇంకినంతవరకు అదే వాన 40 సెంటీమీటర్ల లోతుకి దిగుతుంది. పైనుంచే ఆవిరైపోయే దేశంలో ఆ లోతే ప్రాణం. మా వైపు ఇలాంటి వాన వస్తే పై పొర తడిసి, రెండు రోజుల్లో ఎండుతుంది. చినుకు దెబ్బ కూడా రాయే తింటుంది, మట్టి రేణువు ఎగరదు. ఇన్నేళ్ళ వానకి సన్న మట్టి కిందికి పోగా, మిగిలిన రాళ్ళే మిగతా మట్టికి కప్పు అయ్యాయన్నమాట. మంద ఎక్కువై తొక్కితే ఆ కప్పే నేలలో కూరుకుపోయి అట్ట అవుతుంది. ఈ సంగతి గొర్రెలు కాసుకునే మనిషే చెప్పడం నాకు నచ్చింది. "ఈ పక్క మూడేండ్లు తోలొద్దని ఊర్లో అనుకున్నాము. గడ్డి కోసుకుంటాము, మంద తోలము" అన్నాడు, వంకకి అవతల వాలు చూపిస్తూ. ఆ వాలు రంగే వేరు.

కొంచెం పైన గాలిమరల కోసం గుట్టని కోసి దారి వేశారు. ఆ దారి వేసిన తీరు మీద పెద్దాయనకి చాలా కోపం ఉంది, నేనిక్కడ రాయను. కానీ మట్టి పనివాడికి అలాంటి కోత పండగే. పైన జానెడు మందం రాళ్ళూ మట్టీ కలిసిన పొర. దాని కింద చిక్కటి ఎరుపు, వేలికి అంటుకునే బంకమట్టి. ఆ కింద రాయే, కానీ చేత్తో నలిపితే రాలే రాయి: తెల్లటి పలుకులు పిండిలా అయిపోయాయి, పలుగురాయి ముక్కలు మాత్రం మెరుస్తూ గట్టిగా ఉన్నాయి. ఇక్కడివాళ్ళు రోడ్లకి తోలే గరుసు ఇదే. 250 కోట్ల ఏళ్ళు పైబడిన రాయి అలా ఓపిగ్గా మన్నవుతోంది. ఒక బందారు వేరు, బొటనవేలంత లావుది, రాతి చీలికలోకి దూరడానికి కాగితంలా చదునై, లోపల మళ్ళీ గుండ్రమైంది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఆటోవాడు రెండుసార్లు ఫోన్ చేశాడు.

దిగేటప్పుడు కవరు విప్పి, ఏరి పారేసిన రాళ్ళలో దొరికినన్ని మళ్ళీ అందులో వేశాను. పెద్దాయన ఒకటి తక్కువైందన్నట్టు ఇంకో రాయి ఇచ్చాడు. మూడు కేజీలు దాటింది. మా ఆవిడ చీరల బరువు గురించి ఇక నేనేమీ అనలేను.

తిరుగు బస్సులో సీటు దొరికింది. కూర్చోగానే పిక్కల్లో సూదులు. ప్యాంటు నిండా ఆ గడ్డి ముళ్ళ విత్తనాలు, మెలితిరిగిన పొడుగాటి తోకలతో. ఒక్కొక్కటే పీకుతుంటే కండక్టరు వచ్చి, "బస్సులో పారేయద్దు సార్, ఊడ్చేది మేమే" అన్నాడు. సరే అని అరచేతిలో పెట్టుకున్నాను. సీసాలో అడుగున ఒక చుక్క మిగిలుంది. ఎందుకో అది ఒకదాని మీద వేశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ తోక మెల్లగా మెలి విప్పుకుంటూ తిరగడం మొదలుపెట్టింది, ముల్లు కొన నా అరచేతి గీతలో చోటు వెతుక్కుంటూ. పక్కసీటు కుర్రాడు సెల్‌ఫోన్ ఆపి వంగి చూశాడు.

"బతికుందా సార్ అది?" అన్నాడు.

"నీళ్ళు తగిలితే తిరుగుతుంది. మట్టిలోకి దూరడానికి" అన్నాను.

"ధర్మవరం!" అని అరిచాడు కండక్టరు. అరచెయ్యి మూయకుండా దిగాను.