అమ్మ వీసా కాగితాలు

అమ్మకి అమెరికా ఇమిగ్రెంట్ వీసా, అంటే అక్కడే స్థిరపడటానికి ఇచ్చే వీసా, వచ్చింది. ఒడిశాలోని బరంపురంలో మాలాంటి తెలుగు కుటుంబాలు ఇంకా ఈ తిరుగుడులోనే ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

అక్క అక్కడి పౌరురాలు. 21 ఏళ్లు నిండిన పౌరులు తల్లిదండ్రుల కోసం ఐ-130 పిటిషన్ (దగ్గరి బంధువుని రప్పించుకోవడానికి పెట్టే దరఖాస్తు) వేయవచ్చు, ఏటా ఇన్నే వీసాలు అన్న పరిమితి వీళ్లకి లేదు. చిక్కంతా కాగితాల దగ్గరే. అమ్మ పర్లాకిమిడిలో ఇంట్లోనే పుట్టింది, ఎక్కడా నమోదు కాలేదు. స్కూలు సర్టిఫికెట్ ఒడియాలో, ఇంటిపేరు చివర. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు. ఇక్కడ మనవాళ్లలో చాలామందికి ఉన్న బాధే!

ఒక ఏజెంటు "పాత తేదీతో బర్త్ సర్టిఫికెట్ పుట్టిద్దాం, అమ్మ ఫైల్లోనే నిన్నూ పంపిస్తా" అన్నాడు. నాకు భయమేసింది. అక్క లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ లాయరుని పెట్టుకుంది. దొంగ కాగితం పెడితే అమ్మ జీవితాంతం అమెరికా వెళ్లలేకపోవచ్చని లాయరుగారు గట్టిగా చెప్పారు. రికార్డు లేదని మున్సిపాలిటీ పత్రం, పుట్టుక తెలిసిన పెద్దవాళ్ల అఫిడవిట్లు, ఒడియా కాగితాలకి ఇంగ్లీషు అనువాదం, దాని కింద అనువాదకుడి ధ్రువీకరణ, ఇవీ ఆవిడ అడిగినవి. మా చిన్నమ్మమ్మ "ఆ రోజు వేణ్ణీళ్లు కాచింది నేనేరా" అంటూ సంతకం పెట్టింది. నాకు కళ్లు చెమర్చాయి.

అమ్మ పిటిషన్‌లో నేను రాను. అక్క నాకోసం విడిగా వేయాలి, పౌరుల తోబుట్టువులకి ఉండే ఆ ఎఫ్-4 లైను పదేళ్లు దాటుతుంది. ఆ మాట ముందే చెప్పినందుకు లాయరుగారికి రుణపడి ఉంటాను.

అఫిడవిట్ ఎలా రాయించామో కావాలంటే అడగండి, పంపిస్తాను.