సుముఖాయ నమః

వినాయక చవితి ముందురోజు సాయంత్రం సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. మూడేళ్ల కిందట ఆ రోజు సన్నగా తుంపర కూడా పడుతోంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కాగితంలో చుట్టిన మట్టి వినాయకుడు, భుజానున్న సంచీలో పాలవెల్లికి కట్టాల్సిన వెలక్కాయలు, మొక్కజొన్న పొత్తులు. ఇంకా పత్రి కొనాలి. ఇంటికెళ్లి ఉండ్రాళ్లకు రవ్వ చూసుకోవాలి. ఆ టెన్షన్‌లో నాకు ఎవరి ముఖమూ కనిపించలేదు.

గోనెపట్టా మీద ఆకులు పోసుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. నాకు ముందు ఒకాయన, ఆయన చెయ్యి పట్టుకుని ఏడెనిమిదేళ్ల పాప. పాప ఒక రెమ్మ తీసి, "ఇదేం ఆకు డాడీ?" అంది.

"ఏదో పూజాకు తల్లీ, పద."

పక్కనున్న ముసలాయన ఆగిపోయారు. "ఏదో ఆకు కాదమ్మా, ఉత్తరేణి. మంత్రంలో అపామార్గపత్రం అంటారే, అది ఇదే."

"మరి ఇది?"

"వావిలి" అని వెనక నుంచి ఒకావిడ అంది. "మా అమ్మ బాలింతలకు ఈ ఆకు వేసిన నీళ్లే పోసేది. సింధువారం అంటారని నాకు ఇప్పటిదాకా తెలియదు." జమ్మి ఎవరో గుర్తుపట్టారు. మద్దాకు చూపించి అర్జునపత్రమని ఆ పెద్దావిడే చెప్పింది. తులసి దగ్గర చిన్న వాదన వచ్చింది, గణపతికి తులసి వెయ్యకూడదు కదా అని. "చవితి నాడు ఒక్కరోజు వెయ్యొచ్చు" అని ముసలాయన తేల్చేశారు. పాప వేళ్లు మడుస్తోంది. పది దాటాక తన వేళ్లు చాల్లేదు, మా వేళ్లు తీసుకుంది. కొన్నవాళ్లు కూడా వెళ్లకుండా నిలబడి కట్టలు విప్పారు. ఒకరి కట్టలో మాచిపత్రి లేదు, ఇంకొకరి దాంట్లో రెండు రెమ్మలున్నాయి. ఇచ్చిపుచ్చుకోవడం మొదలైంది. గొడుగులన్నీ ఆ పట్టా మీదికే వంగాయి.

ఇరవై దగ్గర లెక్క ఆగింది. దేవదారు లేదు.

"అది హిమాలయాల చెట్టు" అన్నారు ముసలాయన.

పెద్దావిడ నవ్వింది. "మా దిక్కు మొలవదు బిడ్డా. అక్షింతలేసి దండం పెట్టుకో, ఏమనడు."

అందరం నవ్వేశాం. "బోలో గణేష్ మహరాజ్ కీ" అని వెనక నుంచి ఒక కుర్రాడు గొంతెత్తాడు. "జై" అన్నాం. పక్క కొట్లో అరటిపళ్లు తూస్తున్నతను కూడా అన్నాడు.

మర్నాడు పత్రపూజ మొదలుపెట్టగానే ఆగిపోయాను. ఇరవైఒక్క ఆకులకు ఇరవైఒక్క నామాలు. మొదటిది "సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి". "సుముఖశ్చైకదంతశ్చ కపిలో గజకర్ణకః" అని రోజూ చదువుకునే శ్లోకంలోనూ మొదటి నామం సుముఖుడే. ఆ వెంటనే ఏకదంతుడు. ఒక దంతం విరిగిన ఏనుగు ముఖాన్ని ముందుగా మంచి ముఖమని పిలవడమేమిటని చిన్నప్పుడు అనిపించేది. అందమని సరిపెట్టుకునేదాన్ని.

ఇప్పుడలా అనిపించడం లేదు. పెళ్లివారు సుముఖంగా ఉన్నారంటాం. అంటే మనవైపు తిరిగారని, ఒప్పుకునేలా ఉన్నారని. ఇష్టం లేకపోతే విముఖత అంటాం. స్వామి ముఖం మనవైపు తిరిగి ఉంది, అదీ ఆయన మంచి ముఖం. విరిగిన దంతం దానికి అడ్డం కాలేదు. ఆ సాయంత్రం మార్కెట్‌లో మేమందరం భక్తితో వచ్చినవాళ్లమే, ఆయన కోసమే కొంటున్నాం, అయినా ఒకరికొకరం విముఖంగా ఉన్నాం. పాప ఒక్క ఆకు పేరు అడిగేసరికి ముఖాలు తిరిగాయి. ఇరవైఒక్క ఆకులూ తెలిసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. తలా రెండు మూడు తెలుసు, అంతే. పూజ అక్కడే మొదలైందని నేను మనసారా నమ్ముతున్నాను.

ఏడో నామం వచ్చింది. "గుహాగ్రజాయ నమః, అపామార్గపత్రం పూజయామి". ఉత్తరేణి రెమ్మ అందుకోవడానికి వంగితే, ముందురోజు కట్టుకున్న చీర పక్కన కుర్చీ మీద మడత పెట్టి ఉంది. దాని అంచుకు మూడు ఉత్తరేణి గింజలు అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి వాటినీ స్వామి పాదాల దగ్గర పెట్టాను.