మా కర్రీ పాయింట్‌కి క్యూఆర్, సౌండ్ బాక్స్ పెట్టించుకున్న నా అనుభవం

మాది గుంటూరు బ్రాడీపేటలో కర్రీ పాయింట్. చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు. సాంబారు పాతిక, పప్పు ముప్పై, వేపుడు నలభై. మా బేరాలన్నీ ఈ లెక్కలోనే ఉంటాయి. సాయంత్రం ఏడయ్యేసరికి జనం మూగుతారు, తొమ్మిదిన్నర దాకా తల ఎత్తే తీరిక ఉండదు. అలాంటి టైములో ముప్పై రూపాయల దోసకాయ పప్పుకి ఐదొందల నోటు చాపితే ఆ ఒక్కరికి చిల్లర వెతికేలోపు వెనకున్న నలుగురు పక్క సందులోని కర్రీ పాయింట్‌కి వెళ్లిపోతారు. చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెడితే తీసుకునేవాళ్లు తీసుకుంటారు గానీ మళ్లీ రారు.

క్యూఆర్ పెట్టించుకోవడం అంటే స్టిక్కర్ అంటించుకోవడమే అనుకునేవాళ్లు మా వీధిలో చాలామంది ఉన్నారు. ఆ స్టిక్కర్ వెనక డబ్బు ఏ దారిన వస్తుందో, మధ్యలో ఎవరెవరి దగ్గర ఆగుతుందో తెలిశాకే నాకు దానివల్ల అసలు లాభం మొదలైంది. దుకాణం నడిపే ఇంకెవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు దుకాణం మా అత్తగారు చూసుకునేవారు. ఆ హడావుడిలో ఎవరో వచ్చి ఒక వాలెట్ కంపెనీ స్టిక్కర్ అంటించి వెళ్లారు. అదే వాలెట్ ఉన్నవాళ్లు మాత్రమే దానిమీద డబ్బు కట్టగలరు. వచ్చిన డబ్బు కూడా వాలెట్‌లోనే ఉండిపోతుంది, బ్యాంకుకి మార్చుకోవాలంటే మళ్లీ కోత. తెల్లారి కూరగాయల మార్కెట్‌లో చేతికి డబ్బు కావాల్సినవాళ్లకి అది సరిపడే పద్ధతి కాదు. అత్తయ్య కొన్నాళ్లు చూసి దాన్ని పీకేయించారు.

యూపీఐ వచ్చింది కూడా ఆ ఏడాదే. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దాన్ని ఏప్రిల్‌లో మొదలుపెట్టింది, డిసెంబరు చివర భీమ్ యాప్ వచ్చింది. యూపీఐలో డబ్బు ఒక బ్యాంకు ఖాతాలోంచి ఇంకో బ్యాంకు ఖాతాకి నేరుగా పోతుంది, ఎవరు ఏ యాప్ వాడినా ఫర్వాలేదు. మా ఆయన ఫోన్ నంబరుకి వచ్చే క్యూఆర్ ప్రింటు తీయించి గోడకి పెట్టాం. చాలా రోజులు దానితోనే నడిచింది. ఇబ్బంది ఎక్కడంటే, ఫోన్ ఆయన జేబులో ఉంటుంది, ఆయనేమో గ్యాస్ బండకో సరుకులకో వెళ్తారు. కౌంటర్ దగ్గర నేను. "కొట్టేశానక్కా" అని స్క్రీన్ చూపిస్తే నమ్మడం తప్ప దారి లేదు. పైగా ఆయన ఖాతాలో స్నేహితులు పంపినవి, చీటీ డబ్బులు, దుకాణం డబ్బులు అన్నీ కలిసిపోయేవి. నెలాఖరుకి దుకాణం మీద ఎంత మిగిలిందో తేల్చడానికి కూర్చుంటే ఇంట్లో గొడవే.

అందుకే దుకాణం పేరు మీద, నా ఖాతాకి, మర్చంట్ క్యూఆర్ పెట్టించాలని నిర్ణయించుకున్నాం. క్యూఆర్ ఇచ్చే కంపెనీ ఏజెంట్ ఒక కుర్రాడు వచ్చాడు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అడిగాడు. బోర్డు కనపడేలా దుకాణం ఫొటో తీసుకున్నాడు, లొకేషన్ పెట్టుకున్నాడు. పావుగంటలో అయిపోతుందన్న పని పేరు దగ్గర ఆగిపోయింది. నా పాన్ కార్డులో మా నాన్నగారి ఇంటిపేరు ఉంది. ఆధార్‌లో పెళ్లయ్యాక మార్పించిన అత్తవారి ఇంటిపేరు. బ్యాంకు పాసుపుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది. వివరాలు పంపగానే ఆ కంపెనీవాళ్లు ఖాతాకి ఒక్క రూపాయి వేసి, బ్యాంకు దగ్గర ఉన్న పేరు తిరిగి తెప్పించుకుని, పాన్ మీది పేరుతో సరిచూస్తారు. రూపాయి పడింది. పేరు మాత్రం కలవలేదు.

మన ఆడవాళ్లలో చాలామందికి ఈ చిక్కు వస్తుంది కాబట్టి చెప్తున్నాను. ముందు ఆధార్‌లో పేరు ఎలా ఉండాలో తేల్చుకుని, దాన్నే ఆధారంగా పెట్టి పాన్ సరిచేయించుకోవడం తేలిక. కొత్త పాన్ ఇంటికి వచ్చాక పాన్, ఆధార్ రెండూ బ్యాంకుకి పట్టుకెళ్లి కేవైసీ, అంటే గుర్తింపు పత్రాల తనిఖీ, కొత్తగా చేయించాను. కౌంటర్‌లో ఉన్న మేడమ్ ఓపిగ్గా చూసి, "పేరు మూడు చోట్లా అక్షరం తేడా లేకుండా ఉండాలమ్మా, ఖాళీ తేడా ఉన్నా సిస్టం ఒప్పుకోదు" అన్నారు. ఆ తర్వాత ఏజెంట్‌ని పిలిపిస్తే ఈసారి నిజంగానే కాసేపట్లో అయిపోయింది.

ఇంకొక సంగతి. యాప్‌లో నా వివరాలు చూసుకుంటే వ్యాపారం రకం దగ్గర ఫ్యాన్సీ స్టోర్ అని ఉంది. ఏజెంట్ తొందరలో ఏదో ఒకటి నొక్కేసినట్టున్నాడు. ప్రతి వ్యాపారానికీ ఒక కోడ్ ఉంటుంది, ఛార్జీలూ రేపటి లోన్లూ దాన్నిబట్టే చూస్తారు. ఫోన్ చేసి మార్పించుకున్నాను. మీరూ ఒకసారి చూసుకోండి.

క్యూఆర్‌తో పాటు సౌండ్ బాక్స్ ఇచ్చారు. నెలకి వందకి పైగా అద్దె. ఉచితంగా వచ్చే స్టిక్కర్ చాలదా అని మా ఆయన అన్నారు. నేను పట్టుబట్టి పెట్టించాను. దాంట్లో సొంత సిమ్ ఉంటుంది, మా ఫోన్‌తో పనిలేదు. చేతులు రెండూ సాంబారులో ఉన్నా, వచ్చిన మొత్తం తెలుగులో పైకి చెప్తుంది. డెబ్బై అయిదు రూపాయలు అని వినపడగానే మా పనమ్మాయి కవరు అందిస్తుంది. నేను తలెత్తక్కర్లేదు. నకిలీ స్క్రీన్‌షాట్ చూపించి పోయే బాపతు వాళ్లు తగ్గిపోయారు, బాక్స్ పలకకపోతే వరసలో ఉన్న మిగతావాళ్లే "నీది రాలేదు బ్రో" అంటున్నారు.

అత్తయ్య మాత్రం బోణీ నోటుతోనే జరగాలంటారు. మేం కాదనలేదు. మొదటి బేరం ఇప్పటికీ నగదే, దాన్ని ఆవిడ కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేస్తారు.

మొదటి రాత్రి ఖాతా చూసుకుంటే డబ్బు లేదు. బాక్స్ సాయంత్రమంతా పలుకుతూనే ఉంది, ఖాతాలో మాత్రం పొద్దుటి నిల్వే. గుండె ఝల్లుమంది. యాప్ తెరిచి చూస్తే సెటిల్‌మెంట్ అని వేరే పేజీ ఉంది. నంబరుకి పంపిన డబ్బు అక్కడికక్కడే ఖాతాలో పడుతుంది. మర్చంట్ క్యూఆర్‌లో అలా కాదు. మాకు క్యూఆర్ ఇచ్చిన కంపెనీ పద్ధతిలో అది ముందు వాళ్ల తరఫున బ్యాంకులో జమ అయి, ఆ రోజు వచ్చినవన్నీ కలిపి ఒకే మొత్తంగా మన ఖాతాకి వస్తాయి. అది మర్నాడు వస్తుందా, అదే రాత్రి వస్తుందా అన్నది మనం తీసుకున్న పద్ధతిని బట్టి. తెల్లవారుజామున మార్కెట్‌కి వెళ్లాలి కాబట్టి నేను రాత్రికే వచ్చేలా మార్పించుకున్నాను. ఇలా ఒకే మొత్తంగా రావడం నాకు మేలే అయింది. పాసుపుస్తకంలో రోజుకో వరస, అదే ఆ రోజు క్యూఆర్ అమ్మకం.

ఇక వాలెట్ల సంగతి. వాలెట్ అంటే పోపుల డబ్బాలో విడిగా దాచుకున్న డబ్బులాంటిది. బ్యాంకులోంచి కొంత ముందే తీసి పెట్టుకుంటారు, చిన్న ఖర్చులకి అందులోంచే ఇస్తారు. రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న కంపెనీలే వాటిని నడపాలి. కేవైసీ పూర్తిచేసిన వాలెట్‌లో రెండు లక్షల రూపాయల దాకా ఉంచుకోవచ్చు. ఒక వాలెట్ డబ్బు ఇంకో కంపెనీ క్యూఆర్ మీద చెల్లదనే పాత ఇబ్బంది ఇప్పుడు లేదు. కేవైసీ పూర్తయిన వాలెట్లను 2022 మార్చి 31 లోగా అన్నిచోట్లా చెల్లేలా చేయాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. అత్తయ్య పీకేయించిన స్టిక్కర్‌కీ ఇప్పుడు గోడ మీదున్న దానికీ అసలు తేడా ఇదే. ఎదుటివాళ్లు బ్యాంకు ఖాతా నుంచి కట్టారా, వాలెట్ నుంచి కట్టారా, చిన్న మొత్తాలకి పిన్ కూడా అడగని యూపీఐ లైట్ నుంచి కట్టారా అన్నది నేను అడగక్కర్లేదు. కోచింగ్ పిల్లలు ఎక్కువగా లైటే వాడుతున్నారు. ఇంట్లోవాళ్లు వారానికి ఇంత అని వేస్తారు, దాంట్లోనే సర్దుకుంటారు.

ఛార్జీల మీద మా వీధిలో రకరకాల పుకార్లు ఉన్నాయి. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో వచ్చే డబ్బుకి వ్యాపారి దగ్గర ఎండీఆర్, అంటే చెల్లింపు మీద వ్యాపారి నుంచి కోసుకునే ఛార్జీ, తీసుకోకూడదని 2020 జనవరి 1 నుంచి ఉంది. వాలెట్ నుంచి యూపీఐ ద్వారా రెండు వేలకి మించి వస్తే 1.1 శాతం దాకా ఇంటర్‌చేంజ్ అని 2023 ఏప్రిల్‌లో పెట్టారు. ఇది కంపెనీలు ఒకరికొకరు ఇచ్చుకునేది, కొనుగోలుదారుడి మీద పడదు, చిన్న వ్యాపారుల వర్గంలో నమోదైనవాళ్లకి వర్తించదు. నాకు కోత పడింది ఇంకో చోట. ఒక ఇంటి ఫంక్షన్‌కి కూరలు చేసిచ్చాం, నాలుగు వేల ఎనిమిది వందల బిల్లు. బాక్స్ మొత్తం అంకె చదివింది. రాత్రి ఖాతాలో మాత్రం కొంత తగ్గి పడింది. సెటిల్‌మెంట్ పేజీలో ఆ లావాదేవీ తెరిస్తే రూపే క్రెడిట్ కార్డు అని ఉంది. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకునే వీలు 2022లో వచ్చింది. చిన్న వ్యాపారికి రెండు వేల దాకా ఛార్జీ లేదు, దాటితే ఉంటుంది. పెట్టించేటప్పుడు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, గట్టిగానే అడిగాను. యాప్‌లో క్రెడిట్ కార్డులు ఆపేసే వీలుందని అప్పుడు చెప్పారు. నేను ఆపలేదు. పెద్ద ఆర్డరు చేయి జారడం కన్నా ఆ కాస్త కోత నయం. కాకపోతే ఆర్డరు తీసుకునేటప్పుడే లెక్కలో వేసుకుంటున్నాను.

డబ్బు మధ్యలో ఆగడం కూడా చూశాను. ఒకబ్బాయి తొంభై రూపాయలు కట్టాడు. అతని ఖాతాలో కట్ అయింది, మాకు రాలేదు. పాపం ఆ ముఖం చూస్తే అబద్ధం చెప్తున్నట్టు లేదు. కవరు ఇచ్చేసి, లావాదేవీ కింద ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు రాసుకున్నాను. అది కొట్టి చూస్తే మా వైపు చేరలేదని తేలింది. ఇలా వ్యాపారికి చేరకుండా ఆగితే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా కట్టినవాళ్ల ఖాతాలో వెనక్కి పడాలని, ఆలస్యమైతే రోజుకి వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2019లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అతనికి ఆ గడువులోపే వచ్చింది, వచ్చి నాకు కట్టేసి వెళ్లాడు. అప్పటి నుంచి డబ్బు కట్ అయిందని ఎవరన్నా వాదన పెట్టుకోను, యూటీఆర్ అడుగుతాను.

రోజూ షట్టర్ తీయగానే చేసే పని ఇంకొకటి ఉంది. నా ఫోన్‌తో మా క్యూఆర్ స్కాన్ చేసి దుకాణం పేరే వస్తోందా అని చూస్తాను. స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్ అంటించి పోయే దొంగలు ఉన్నారు. డబ్బు రావాలంటే పిన్ కొట్టమని ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికే. అందుకోవడానికి ఎప్పుడూ పిన్ అక్కర్లేదు. ఈ మాట మా పనమ్మాయికి కూడా బాగా ఎక్కేలా చెప్పాను.

2025 జులైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న దుకాణదారులకి జీఎస్‌టీ నోటీసులు వచ్చినప్పుడు ఇక్కడ కూడా కొందరు స్టిక్కర్లు తీసేద్దామన్నారు. మేం ఆడిటర్ గారిని అడిగాం. పన్ను లెక్క మొత్తం అమ్మకం మీద, అది నోటు రూపంలో వచ్చినా ఫోన్‌లో వచ్చినా ఒకటే. స్టిక్కర్ తీసినంత మాత్రాన జీఎస్‌టీ పరిమితి మారదు. ఆయన ఇంకో మాట చెప్పారు, అది మా వీధిలో ఎవరికీ తెలియదు. చిన్న వ్యాపారులు ఆదాయపు పన్నుకి అమ్మకంలో ఇంత శాతం లాభమని అంచనాగా ఆదాయం చూపేటప్పుడు నగదు అమ్మకంలో ఎనిమిది శాతం లాభంగా లెక్కేస్తారు, బ్యాంకు ద్వారా, యూపీఐ ద్వారా వచ్చినదాంట్లో ఆరు శాతమే. అంటే అదే అమ్మకానికి చూపాల్సిన కనీస ఆదాయం తగ్గుతుంది.

రోజువారీ క్యూఆర్ అమ్మకం లెక్క చేతిలో ఉండబట్టే లోన్ వచ్చింది. పెద్ద ఫ్రిజ్జు, కొత్త గ్రైండర్ కోసం చిన్న వ్యాపారాలకి లోన్లు ఇచ్చే ముద్రా పథకం కింద బ్యాంకులో అడిగాం. ఇంతకుముందు మా ఆయన వెళ్తే, "అమ్మకం ఎంతో చూపించండి" అని పంపేశారు. ఈసారి నా ఖాతా స్టేట్‌మెంట్ పెట్టాను. మేనేజర్ గారు వేలితో వరసలు చూసుకుంటూ వెళ్లి, సంక్రాంతి సెలవుల్లో ఎందుకు తగ్గిందని అడిగారు. హాస్టళ్లు ఖాళీ అవుతాయి సార్ అన్నాను. ముద్రాలోనే కిశోర్ అనే విభాగంలో మంజూరు చేశారు. క్యూఆర్ కంపెనీ యాప్ కూడా రోజూ లోన్ ఇస్తానంటూ ఊరిస్తూనే ఉంటుంది. వాయిదా రోజువారీ సెటిల్‌మెంట్‌లోంచే కోసుకుంటారు, ఆ కోత పోను మార్కెట్‌కి మిగలాలి కదా. వడ్డీ రెండూ పక్కపక్కన పెట్టి చూసి బ్యాంకుదే తీసుకున్నాం.

మా ఎదురుగా పునుగుల బండి పెట్టుకున్న బాబాయి గారు ఇదంతా చూసి తనకీ పెట్టించమన్నారు. వీధి వ్యాపారులకి పీఎం స్వనిధి అనే లోన్ పథకం ఉంది, 2020లో మొదలైంది, డిజిటల్‌గా తీసుకున్న చెల్లింపులకి క్యాష్‌బ్యాక్ కూడా ఇస్తారు. ఆయన పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే. మొన్న సోమవారం ఆయన్ని ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి పేరు మార్పుకి దరఖాస్తు పెట్టించాం. అది రాగానే ఏజెంట్‌ని పిలుస్తాం.