డ్రాగన్ పడవ సాధన: ఈ నెల సంగతులు

సింగపూర్ కల్లాంగ్ బేసిన్‌లో మా పేట డ్రాగన్ పడవ (డ్రాగన్ తల ఉండే పొడవాటి పోటీ పడవ) జట్టు శనివారం సాధన గాడిలో పడింది. పెద్ద పడవకు తెడ్లు వేసేవారు 20 మంది, ముందు డ్రమ్ము దగ్గర ఒకరు, వెనక చుక్కాని పట్టడానికి ఒకరు. జనం తగ్గిన రోజున 10 మంది తెడ్లు వేసే చిన్న పడవ దింపుతాం.

నెలంతా ఒకటే పని: తెడ్లన్నీ ఒకేసారి నీళ్లలో పడాలి. కొత్తవాళ్లు డ్రమ్ము మోత విని తెడ్డు వేస్తారు. దెబ్బ చెవిన పడి చెయ్యి కదిలేసరికి ముందు వరస తెడ్లు అప్పటికే నీళ్లలో ఉంటాయి. వరస వరసకూ ఆలస్యం పెరిగి, గట్టు మీద నుంచి చూస్తే పడవ జెర్రిలా పాకుతున్నట్టుంటుంది. అసలు డ్రమ్మరే ముందు వరస జంటను చూసి వాయిస్తారు. కాబట్టి పని చెవులది కాదు, కళ్లది: కుడివైపు వాళ్లు ఎడమవైపు మొదటి మనిషిని, ఎడమవైపు వాళ్లు కుడివైపు మొదటి మనిషిని చూడాలి. మొన్న కోచ్ డ్రమ్మును గట్టు మీదే ఉంచేశారు. కొందరు గొణిగారు గానీ, పడవ అంత నిలకడగా సాగడం నేను చూడడం అదే మొదటిసారి.

తెడ్డు వేసే తీరు: పడవ అంచువైపు కాలు ముందుకు చాపి తన్నిపెట్టాలి, తుంటి అంచుకు ఆనాలి. నడుము తిప్పి, ముందుకు వంగి, తెడ్డు నిలువుగా గుచ్చాలి. తుంటి దాటకముందే పైకి తీసేయాలి. దాటితే అది నీళ్లను పైకెత్తుతూ పడవను కిందికి లాగుతుంది. మర్నాడు నొప్పి చేతుల్లో కాక వీపులో, నడుం పక్కన ఉంటే సరిగ్గా చేసినట్టే.

పోటీ తెడ్డు పొడవు 105 నుంచి 130 సెంటీమీటర్లు. కార్బన్ తెడ్డు తేలికే గానీ ఖరీదు. తీరు కుదిరేదాకా జట్టు తెడ్డు చాలు. వేళ్ల మొదళ్లకు ముందే టేపు చుడితే బొబ్బలు తగ్గుతాయి. పిడుగుల హెచ్చరిక వస్తే మారుమాట లేకుండా గట్టుకు రావాలి.

అప్పుడప్పుడు రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న మహిళల జట్టు మా పక్కనుంచి వెళుతుంది. చేతికి వాపు వస్తుందన్న భయంతో ఒకప్పుడు ఇలాంటి శ్రమ వద్దనేవారు. 1996లో వాంకూవర్‌లో డాక్టర్ డాన్ మెకంజీ 24 మంది మహిళలతో తెడ్లు వేయించి చూశారు, వాపు పెరగలేదు. మా పక్కనుంచి వెళ్లే ఈ జట్టులో చాలామంది మాకంటే పెద్దవాళ్లు, మమ్మల్ని సునాయాసంగా దాటేస్తారు. వాళ్ల తెడ్లు దిగే చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది.

వచ్చే నెల 200 మీటర్ల పందెం ఆరంభం నేర్చుకోవాలి: ఆగి ఉన్న పడవ కదలడానికి ముందు నెమ్మదిగా, లోతుగా, ఆ తర్వాతే వేగం. ఎడమవైపు మనుషులు చాలడం లేదు, నేను అటు మారుతున్నాను.