ఉప్పు తిన్న మెటాడోర్

పోయిన నెల కోవూరులో ఒక పాత మెటాడోర్ వ్యాన్ తీసుకున్నా, 1991 మోడల్, ఏపీ 26 నంబరు, 85 వేలు. ఇంట్లో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. క్యాటరింగ్ సామాన్లకి అని చెప్పాగానీ అసలు నేను పడిపోయింది ఆర్‌సీ బుక్కు చూసి.

పాత కాగితం బుక్కు, దాన్నిండా స్టాంపులు. మొదటి ఓనరుది అల్లూరు పక్క, టైగర్ రొయ్యల మీద అందరూ డబ్బులు కళ్ళజూస్తా ఉన్న రోజులు. సీడుని, అంటే రొయ్య పిల్లల్ని, ఉప్పునీళ్ళ ప్యాకెట్లలో వేసి ఆక్సిజన్ కొట్టి రాత్రిపూట చల్లగా ఉన్నప్పుడు ఇందులోనే తోలేవాళ్ళంట. 1994-95లో రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వచ్చి గుంటలు ఎత్తిపోయాయి, 1996లో బండి కందుకూరులో ఒక స్కూలుకి పోయింది.

మూడో ఓనరు పెద్దాయన, ఆ స్కూల్లోనే డ్రైవరుగా చేసి ఆఖర్లో ఆయనే కొనుక్కున్నాడు. నేను ఇంజిన్ కవరు ఎత్తబోతే "ఇంజిన్ చూడబాక అబ్బయా, ముందు కింద చూడు" అన్నాడు. అమ్మేవాడే అట్లా చెప్తే ఇంకేం బేరం ఆడతాం! ఈ బండికి లాగేది ముందు చక్రాలే, వెనక్కి షాఫ్ట్ పోదు కాబట్టి ఫ్లోరు కిందకి ఉంటుంది, బాక్సులు ఎక్కించాలన్నా చిన్నపిల్లలు ఎక్కాలన్నా సుఖం. కాకపోతే ఆ ఫ్లోరునే ఉప్పునీళ్ళు తినేశాయి, టార్చి వేస్తే కింద రోడ్డు కనపడతా ఉంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు యాక్సిల్ జాయింటు టకటకమంటది, అది వేరే ఖర్చు.

డోరు దగ్గర సొట్టలో గోరుతో గీకితే తెలుపు కింద స్కూలు పసుపు, దాని కింద నీలం.

ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఇంకో రెండు నెల్లలో చేయించాలి, 15 ఏళ్ళు దాటిన బండ్లకి 2022 నుంచి ఫీజు బాగా పెంచేశారు, అది ఇంట్లో ఇంకా చెప్పలా.

మొన్న వెల్డరు మ్యాటింగ్ పీకితే మూలన మట్టిలో గుప్పెడు చెత్త వచ్చింది. ఎండి నల్లబడిన రబ్బరు బ్యాండ్లు, సీడు ప్యాకెట్లవే అయ్యుంటాయి, వాటి మధ్యలో మూడు బలపం ముక్కలు. పారేయబోతా ఉంటే ఆపా. ఒక బ్యాండు సాగదీసి చూస్తే బిస్కెట్టులాగా విరిగింది, బలపం మాత్రం ఆ ఇనప రేకు మీదే గీస్తే ఇంకా రాస్తా ఉంది.