ఒక్క శ్వాసలో ఎంతవరకు

చర్చిలో పదకొండేళ్లు వర్షిప్ లీడ్ చేశాను నేను. గిటార్ వేసుకుని నిలబడి, చేతులెత్తండి, ఇంకా పైకెత్తండి అని అందర్నీ ఉత్సాహపరిచేవాడిని. "నా కృప నీకు చాలును" అన్న వాక్యం పాటకీ పాటకీ మధ్యలో ఎన్ని ఆదివారాలు చెప్పానో లెక్కలేదు. నాకప్పుడు ఒంట్లో ఏ లోటూ లేదు కదా, నోట్లోంచి తేలిగ్గా వచ్చేసేది.

అసలు మొదలైంది విరేచనాలతో. మూడ్రోజుల్లో తగ్గిపోయాయి, మర్చిపోయాను కూడా. పది రోజుల తర్వాత కాలివేళ్లు తిమ్మిరెక్కాయి, చెప్పు జారిపోయినా తెలియట్లేదు, ఏదో నరం పట్టేసిందిలే అనుకున్నా. మర్నాడు మెట్లెక్కుతుంటే మోకాళ్లు మడతపడిపోయాయి, ఆ మర్నాడు ప్రాక్టీస్‌లో గిటార్ తీగ నొక్కుదామంటే వేలు మాట వినలేదు, అప్పుడు భయమేసింది. హాస్పిటల్లో డాక్టర్ గారు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు, కాలు ఎగరలేదు, ఇంకోసారి కొట్టారు, ఉహూ. నరాల టెస్టు, వెన్నులోంచి నీరు తీసి టెస్టు, అన్నీ అయ్యాక గిలాన్ బారే సిండ్రోమ్ అన్నారు, పొట్టిగా జీబీఎస్. ఇన్ఫెక్షన్ మీదకి వెళ్లాల్సిన మన ఇమ్యూనిటీ దారితప్పి మన నరాల పైపొరనే పాడుచేస్తుందట. ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుందట.

ఐసీయూలో కొన్ని గంటలకోసారి సిస్టర్ వచ్చి, గట్టిగా ఊపిరి తీసుకుని ఒక్క శ్వాసలో ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండి అనేవారు. ఊపిరి తీసుకునే కండరాలు ఎంత బలంగా ఉన్నాయో దాన్నిబట్టి చూస్తారు. మొదటిరోజు 34 వచ్చింది, సింగర్‌ని కదా అని లోపల కాస్త గర్వం కూడా (ఆ టైంలో కూడా!). తర్వాత 22. నాలుగోరోజు రాత్రి 13 దగ్గర ఆగిపోయింది, ఇంకా తగ్గితే వెంటిలేటర్ అన్నారు. మొహం కూడా పడిపోయింది, కళ్లు పూర్తిగా మూతపడట్లేదు, ప్రార్థనకి కళ్లు మూసుకోవడం కూడా నా చేతిలో లేకుండా పోయింది.

ఐదు రోజులు ఐవీఐజీ ఎక్కించారు. వేలమంది ఇచ్చిన ప్లాస్మాలోంచి తీసిన యాంటీబాడీలు అవి. ముక్కూమొహం తెలియని వాళ్ల రక్తంలోది చుక్కచుక్కగా నాలోకి దిగుతోంది, నేనేమో వేలు కూడా కదపలేను.

ఈ మధ్యలో చూడ్డానికొచ్చిన ఒకాయన, ఏదో ఒప్పుకోని పాపం ఉందేమో చూసుకో బ్రదర్ అని చెప్పి వెళ్లారు. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు అడిగిందీ అదే ప్రశ్న, యేసు కాదన్నాడు. అది నాకు తెలుసు, అయినా ఆ రాత్రంతా వెతుక్కున్నాను. నిజం చెప్పాలంటే ప్రార్థన రాలేదు. కాళ్లూ నడుమూ ఒకటే నొప్పి, దుప్పటి తగిలినా మంట. ఎన్నోసార్లు చెప్పిన వాక్యమే గుర్తొచ్చింది కానీ ఈసారి వేరేలా. పౌలు తన ఒంట్లో ముల్లులా గుచ్చుకుంటున్న బాధని తీసెయ్యమని దేవుణ్ని మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు అది, తియ్యను అని! ఇన్నేళ్లూ దాన్ని నేను హుషారుగా చెప్పాను. ఒళ్లు మండింది దేవుడి మీద.

వార్డుకి మార్చాక అమ్మ పక్కన ఉండేది. అమ్మకి శ్రుతి ఉండదు, తాళం అసలే ఉండదు. చర్చిలో ఆమె గొంతు మైక్‌లో పడకూడదని దూరంగా కూర్చోమనేవాణ్ని (ఇది రాయడానికి సిగ్గుగా ఉంది). ఆ అమ్మే మంచం పక్కన కూర్చుని పొద్దున్నా సాయంత్రం పాడేది. ఒకరోజు తడిగుడ్డతో నా అరచెయ్యి తుడుస్తూ పాడుతూ, మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తి, తుడవడం మర్చిపోయి పాట అయ్యేవరకూ అలాగే పట్టుకుంది. బైబిల్లో యుద్ధం జరుగుతున్నంతసేపూ పైకెత్తి ఉంచాల్సిన మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరోపక్క పట్టుకున్న సంగతి నాకు చాలా రోజుల తర్వాత తట్టింది. అమ్మకైతే ఇప్పటికీ తట్టినట్టు లేదు, చెప్తే "నీ చెయ్యి ఎంత బరువుందో" అంది. ఆ పాటకి నేను చేసిందేమీ లేదు, కళ్లలోంచి నీళ్లు కారాయి అంతే, అవీ రెప్ప మూతపడక కారినవో ఏమో.

బలం పైనుంచి కిందికి తిరిగొచ్చింది. ముందు ఊపిరి, మెడ, భుజాలు, తర్వాత మొహం, చివర్లో కాళ్లు. నరం లోపలి తీగ దెబ్బతింటే రోజుకి సుమారు ఒక మిల్లీమీటర్ పెరుగుతుందని ఫిజియో చెప్పారు. మోకాలి నుంచి పాదానికి కొలిచి చూసుకున్నా, ఏడాది దాటుతుంది. రోజుకి మిల్లీమీటర్ స్వస్థతకి ఏ సాక్ష్యం చెప్తాం? ఆదివారం చెప్పడానికి ఏమీ ఉండదు.

ఆరో నెలలో వాకర్‌తో చర్చికి వెళ్లాను, వెనక వరసలో, అమ్మ పక్కన. స్టేజీ మీద ఓ కుర్రాడు లీడ్ చేస్తున్నాడు, నాకంటే కాస్త స్పీడుగా. మొదటి లైన్ సగంలోనే నాకు ఊపిరి అయిపోయింది. నోరు మూసుకుని కూర్చున్నా, మిగతా లైను అందరూ పాడేశారు, అమ్మ శ్రుతి తప్పి పాడింది. రెండో లైన్‌కి మళ్లీ కలిశాను, మళ్లీ ఆగిపోయాను.

ఎడమ కాలికి స్ప్లింట్ ఇంకా ఉంది, పాదం పైకి లేవట్లేదు. దాని గురించి అడుగుతూనే ఉన్నా, మూడుసార్లు ఎప్పుడో దాటింది. నిన్న రాత్రి లెక్కపెడితే 29 వచ్చింది.